ఎంగిలి కార్డు

నక్కలగుట్ట రోడ్డు మీది మా దుకాణంల
మూడో కౌంటర్ నాది.
పొద్దంతా పప్పు, సబ్బు, షాంపూ,
మిషిన్‌ది కీ అని ఒకటే కూత.
ఆ కూత రాకపోతెనే
మనుషులు తలెత్తి నా మొకం చూస్తరు.

ఓదెలు తాత గట్లనే చూసిండు.

వడ్డేపల్లి దిక్కు ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మన్.
పదకొండేండ్లు గేటు తీసి, మోటరేసి,
మోకాళ్లు అరిగినంక పరకాల పోతున్నడు.
మెట్ల కాడ నిలబెట్టి శాలువా కప్పిన్రట,
ఎర్ర రిబ్బను కట్టిన కార్డు చేతిల పెట్టి
ఫోటో దిగిన్రట.
రెండు వేలు. పదహారు ఇండ్లు,
ఇంటికి నూట ఇరవై అయిదు.
"పైసలిస్తె ఊకె ఖర్చయితయని ఇది ఇచ్చిన్రు బిడ్డా"
అన్నడు, వాళ్ల తెలివికి మురుసుకుంట.

అయిదు లీటర్ల కుక్కరు తెచ్చి పెట్టిండు,
పక్కన ఒక పాల బిస్కెట్ల పుడ.
కుక్కరు మూత తీసి, లోపలికి తొంగి చూసి
మళ్ల పెట్టిండు.

రూపాయి బిళ్లతోని నేనే గోకిన.
బిళ్ల అంచుకు తగిలింది
పొర కింద ఇంకో పొర,
చెమ్మ గోడకు కొత్త సున్నం ఏసినట్టు.

నిల్వ సున్నా.
అమ్మింది శుక్రవారం పగలు.
వాడింది అదే శుక్రవారం రాత్రి,
పదకొండు నలభైకి.
శాలువా కప్పింది ఆదివారం.

"ఆ యాళ్ల నువ్వేడున్నవ్ తాతా?"
నోరు జారి అడిగిన.
"యాడుంట బిడ్డా, గేటు కాడనే.
తాళమేసి కూసున్న."

చిలక కొట్టిన జామపండయితే
తీపెక్కువని తింటం.
ఇదేం చిలకనో.
ముక్కు కనపడది, రెక్క సప్పుడు లేదు,
పండు పండినట్టే ఉన్నది
లోపల గింజ కూడ మిగలలే.

మేనేజర్ సార్ ఒచ్చి
కార్డు మాది కాదు, కంపెనీది,
మేం తగిలిస్తం అంతె అన్నడు.
వెనక ఉన్న నెంబరుకు ఫోన్ చేసినం.
ఒకటి నొక్కుమన్నది, నాలుగు నొక్కుమన్నది,
శానాసేపు పీపీ ఊదింది.
ఆఖర్న ఒక పిలగాడు ఎత్తి
కొన్న బిల్లు ఉన్నదా అన్నడు.

బిల్లు ఇచ్చినోళ్ల కాడ ఉంటది.
"అడగరాదు తాతా, మీ అపార్టుమెంటోళ్లనే గద."

తాత శాలువా లేని భుజం సదురుకున్నడు.
"పెట్టినోళ్లకు
మీ విస్తరి ఎంగిలిదని ఏ నోటితోని చెప్పాలె?"
కొంచెం ఆగి,
"వాళ్లు గూడ ఈడికే ఒస్తరు సామాన్లకు.
నువ్వు గిట్ల అనకు."

బిస్కెట్ పుడకు పది రూపాయలిచ్చిండు.
ఊడిన రిబ్బను మళ్ల ముడేసి
కార్డు అంగి జేబుల పెట్టుకున్నడు.
ఫోటోల ఉన్నది గద,
పారేయ మనసొప్పదన్నడు.

కుక్కరు నేనే అరలకు తీస్కపోయిన.
మూత మీద నాలుగు వేళ్ల ముద్ర
కొంగుతోని తుడువబోయి, తుడువలే.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టక తెలిసింది:
కార్డుల స్టాండు నా కౌంటర్ పక్కదే.
"గిఫ్ట్ కార్డు తీసుకుంటరా మేడం" అని
దినాం ఇరవై సార్లు అనేది నేనే.
అది అమ్మింది గూడ
నా చెయ్యే అయి ఉంటది.

పదిదినాలకు ఆ అపార్టుమెంటు మేడం ఒచ్చింది.
"మా ఓదెలు ఒచ్చిండా? ఏం కొనుక్కున్నడు?"
"కుక్కరు" అన్న.
"మంచి పని చేసిండు. ఎన్ని లీటర్లది?"
"అయిదు."
కీ అని కూసింది మిషిన్,
ఆమె కందిపప్పుకు.

పోతపోత స్టాండు దిక్కు తిరిగి
ఇంకో కార్డు తెంపింది,
మేనకోడలి పుట్టినరోజుకట.
వెండి పొర మీద బొటనేలు రాసి చూసిన.
నున్నగనే ఉన్నది. ఉంటె ఏంది.

"ఇది ఒద్దు మేడం,
పైసలే కవర్ల పెట్టి ఇయ్యుండ్రి."

"ఎందుకట్ల?" అన్నది.

ఎనక లైను పెరుగుతున్నది.