బల్లకు ఇవతల

గడపకు అడ్డంగా ఒక బల్ల.
అవతల నీలం బూట్లు, ఇవతల ఎర్రవి.
బల్ల మీద కూర్చుని, కాళ్లు గాలిలోకెత్తి, గిర్రున తిరిగి
ఆ లోకపు బురద ఆ లోకంలోనే విడిచి
ఈ లోకంలో దిగాలి.
నాన్న చూసి నవ్వేవాడు:
"చర్చికి కూడా ఇంత మడి కట్టుకుని పోలేదే, తైమీ!"

మంగళవారం వచ్చాయి,
లాయితిలా మీద మంచు అడ్డంగా కొడుతున్న పొద్దున.
పద్దెనిమిది వేలు.
ఒక్కదానికీ తల్లి ముఖం తెలియదు.
యంత్రం పొదిగింది, యంత్రమే లెక్కపెట్టింది.

తల్లి ఉంటే ముందుగా ఏం చేసేది?
రెక్క కప్పడం కాదు.
రెట్ట వేసేది.
అందులో ముక్కుపెట్టి గెలికిన పిల్ల
అమ్మ కడుపులో కాపురమున్న కోటానుకోట్ల క్రిముల్ని
తన కడుపులోకి దింపుకునేది.
నిండిన ఇంట్లో అద్దెకు చోటేది?
చెడ్డది వచ్చి తలుపు తట్టి
తన దారిన పోయేది.

ఇప్పుడు పొదిగే చోటే
పెట్టెల మీద సన్నటి తుంపర చల్లుతారు,
ఆరోగ్యంగా బతికిన ఏదో పెట్ట పేగుల్లోంచి
తీసి పెంచిన పాత కాపురం.
ఒకదాని వీపు మీది తడిని ఇంకొకటి పొడుచుకు తాగుతుంది.
మా దగ్గర తల్లి అంటే అంతే.
చుక్కెడు తల్లి.

నాన్న రోజుల్లో గోధుమరంగు పొట్లం ఉండేది.
దాని మీద నవ్వుతున్న కోడి బొమ్మ.
రోగం రాకముందే, నీళ్లలో చెంచాడు.
తప్పని ఎవరూ అనలేదు.
లోపల అర్భకపు క్రిములు చచ్చాయి,
మిగిలినవి మందు రుచి మరిగాయి.

నేను చెంచా ముట్టి పదకొండేళ్లు.
అయినా పోయిన శరదృతువులో
దూదిపుల్లకు అంటుకుని బయటపడింది, మందుకు లొంగనిది.
ఒక్క చుక్క ఎరగని పిల్లల్లో!
సముద్రం అవతల వీటి అవ్వ దగ్గర్నుంచి
గుడ్డును పట్టుకుని వచ్చి ఉంటుందన్నారు.
ఆస్తి లేదు, అంతస్తు లేదు,
వారసత్వం మాత్రం తప్పలేదు.
మూడు వారాలు గోడలు తోమాను.
చీకటి పడ్డాక తోమాను. ఇక్కడ మూడింటికే పడుతుంది.

ఇప్పుడు నాన్న తుర్కు ఆసుపత్రిలో, ఒంటరి గదిలో.
కాలి పుండులో ఏదో ఉంది.
కాగితం మీద మందుల పేర్లు వరసగా,
ప్రతి పేరు ఎదురుగా అదే అక్షరం: పనిచేయదు.
ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు.
నేనూ అడగలేదు.
అతని గుమ్మం దగ్గరా ఒక గీత ఉందట.
నర్సు గౌను మార్చుకుని దాటుతుందట.

చూడటానికి వెళ్తే రెండు రోజులు
నేను ఈ బల్ల దాటకూడదు.
మొదటి వారం పిల్లల్ని వదిలి రెండు రోజులు!
తలుపు దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడ్డాను,
ఎటూ కాని కాళ్లతో.

"ఎన్ని పోయాయి?"
"ఏడు."
"పరుపు పొడిగా ఉందా?"
"ఉంది."
"రావద్దు," అన్నాడు. కాసేపాగి,
"వినిపించు."

ఫోన్‌ను పిల్లల మీదికి వంచాను.
పద్దెనిమిది వేల గొంతులు సన్నగా, ఎడతెగకుండా,
పెనం మీద నూనె కాగుతున్నట్టు.
ఎంతసేపు విన్నాడో.
నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఎక్కడో చలేస్తోంది వాటికి," అన్నాడు. "చూడు."

వెళ్లి చూశాను.
పడమటి గోడ పక్కన, గాలి కిటికీ కింద
నలభై యాభై పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కి
కీచుమంటున్నాయి.
కిటికీ రెక్క వేలెడు తెరుచుకుని ఉంది.
చెయ్యి అడ్డం పెడితే మంచు తగిలింది.

మూశాను.
ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.
అటునుంచి నాన్న ఊపిరి,
ఇటు ఒక్కొక్కటే విడివడుతున్న పిల్లలు.