లేని సోమవారం

శాంటియాగో నుంచి ఆక్లాండ్‌కి
తొమ్మిది వేల ఆరు వందల అరవై కిలోమీటర్లు.
పదమూడు గంటల ప్రయాణం.
ఆదివారం రాత్రి పదకొండున్నరకి ఎక్కితే
మంగళవారం తెల్లారగట్ల నాలుగున్నరకి దింపుతారు.
మధ్యలో సోమవారం?
"సముద్రంలో పడిపోతుంది సెన్యోరా" అన్నాడు
కౌంటర్లో కుర్రాడు, బోర్డింగ్ పాస్ చింపుతూ.
సోమవారం నేను ఇంటద్దె కట్టాలి.
దోన్యా ఎలియానాకి ఈ లెక్క చెప్పి చూడాలి.

ఒళ్ళో నీలం పెట్టె.
లోపల ఎవరిదో ఎముక మూలుగ.
ఎవరిదో నాకు చెప్పరు. ఎవరికో కూడా చెప్పరు.
నా చేతికిచ్చినవి రెండంకెలు:
నాలుగు డిగ్రీలు, డెబ్బై రెండు గంటలు.
అందులో పదకొండు
విమానం ఎక్కకముందే కరిగిపోయాయి.
బాత్రూమ్‌కి వెళ్ళినా చంకన పెట్టుకునే వెళ్తాను,
చంటిపిల్ల తల్లిలా, అంతకంటే భయంగా.

పక్క సీట్లో బౌదీలియో.
కోయైకేలో గొర్రెల బొచ్చు తీస్తాడట,
ఏడాదికి మూడు నెలలు అవతలి ఒడ్డు గొర్రెలకీ తీస్తాడట.
పెట్టెలో ఏముందని అడగలేదు.
తెర మీద మా దారి ధ్రువం వైపు విల్లులా వంగి ఉంది.
దగ్గర దారైతే గీత గీసినట్టుండాలి కదా అన్నాను.
"గొర్రె మీద కత్తెర తిన్నగా పోవాలంటే
ఒంటి వంపుతోనే పోవాలి" అన్నాడు
మోకాలి మీంచి అరచేతిని ఒక్కసారి జార్చి చూపించి.
భూమి గురించి ఇంత బాగా
నాకు బళ్ళో కూడా ఎవరూ చెప్పలేదు.

దీపాలు ఆర్పారు. ఎదురుగాలి.
ఎక్కడో నీళ్ళ మీద లేని గీతని దాటాం.
ఎవరో దగ్గారు, ఎవరో దుప్పటి లాక్కున్నారు.
క్యాలెండర్లో ఒక గడి ఖాళీ అయింది.
పెట్టెలోని కణాలకి ఆ సంగతి తెలీదు.
వాటికి సోమవారం ఉంది,
నిమిషం నిమిషంగా ఉంది,
అవి దాన్ని ఖర్చు పెట్టుకుంటూనే ఉన్నాయి.
నోట్‌బుక్‌లో రాశాను: నాలుగు పాయింట్ ఒకటి.
తేదీ దగ్గర కలం ఆగింది.

ఆక్లాండ్‌లో తనిఖీ గట్టిది.
"ప్రాణమున్నదేమైనా తెచ్చారా?"
తెచ్చానన్నాను.
కాగితాలు మూడుసార్లు తిరగేసి పెట్టెని పోనిచ్చారు.
నా సంచిలో సగం కొరికిన ఆపిల్‌ని మాత్రం
చేతికి తొడుగేసుకుని మరీ పట్టుకుపోయారు.

ఆసుపత్రి వెనక గుమ్మం దగ్గర
రోయిమాటా అనే నర్సు సంతకం పెట్టి తీసుకుంది.
ముప్పై రెండు గంటలు మిగిల్చి ఇచ్చాను.
"ఇప్పుడేం చేస్తారు?"
"చేతి నరంలోకి ఎక్కిస్తాం.
ఎముకల్లోకి దారి అవే వెతుక్కుంటాయి."
నరం నుంచి ఎముకకి, కూతవేటు కూడా కాదు.
ఎంతసేపు పడుతుందన్నాను.
"రెండు వారాలు. ఒక్కోసారి మూడు.
ఒక్కోసారి," అని ఆగి,
పెట్టె మూత సరిచేసింది.

బుధవారం సాయంత్రం ఆరింటికి ఎక్కాను.
దూరం అంతే, వెన్నుగాలి, పదకొండు గంటలే.
దిగేసరికి అదే బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంట.
బయల్దేరకముందే ఇల్లు చేరిన మనిషిని నేను.
అద్దె కట్టాను, ఆలస్య రుసుముతో సహా.
దోన్యా ఎలియానా నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

ఖాళీ అయిన ఒళ్ళోకి
చేతులు ఊరికే వస్తూ ఉంటాయి.
వంటింటి గోడ మీద మూడు వారాలు లెక్కపెడుతున్నాను,
ఆ సోమవారాన్ని కలపాలో
వదిలేయాలో తేల్చుకోలేక.