గింజ కొంగున ముడి

రాజేంద్రనగర్ల పందుల షెడ్డు కాడ నా కొలువు
పెంట తూచుడు.
నవ్వకుండ్రి,
జీతం కాయితం మీద ఇంకేదో గొప్ప పేరు రాసుంటది.

పొద్దుగాల ఆరు గొట్టంగ
ఎడమ దొడ్డిది ఎర్ర బకెట్ల,
కుడి దొడ్డిది నీలం బకెట్ల.
రెండూ కలిసినయంటే
సునేత్ర మేడం నాలుగు నెలల చదువు
మోరీల కలిసినట్టే.
సబ్బుతోని మూడుసార్లు కడుక్కుంట.
అయినా తిరుగు బస్సుల
నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.

రెండు దొడ్లకూ అవే మక్కలు, అదే సోయా చెక్క, అదే తవుడు.
కుడి దొడ్డికి మాత్రం
చిటికెడు పొడి, లేత బెల్లం రంగుది.
ఎముకల బలానికని పోసే ఖరీదైన తెల్ల పిండి
ఆ దొడ్డికి సగమే.

మందా మేడం అన్న.
కాదన్నది.
తవుడు పిడికెడు తీసి నా అరచేతిల పోసింది:
"ఇండ్ల భాస్వరం కావలసినంత ఉంది.
కానీ గింజ దాన్ని పందికోసం దాచలేదు కదా,
రేపు మొలిచే బిడ్డకని
కొంగున ముడేసుకుంది.
పంది కడుపుకు ఆ ముడి విప్పరాదు.
తిన్నది తిన్నట్టే బయటికి.
ఈ పొడి విప్పుతుంది, అంతే."

ఇన్నేండ్ల సంది మేం
ముడితో సహా మింగించి
ముడితో సహా ఎత్తిపోసినం.
పైసలు పెట్టి పైన తెల్ల పిండి కొన్నం.
పెంట వానకు కొట్టుకపోయి మూసీల దిగితే
అక్కడ ఎవరో విప్పుకున్నరు దాన్ని:
అత్తాపూర్ వంతెన మీద నిలబడి చూడుండ్రి,
నీళ్లు కనపడయ్,
గుర్రపుడెక్క కనపడతది,
బలిసి, పచ్చగ, ఊదా పూలు పెట్టుకొని.

ఆ వంతెన కిందనే మా అమ్మ నాంచారమ్మ,
పదకొండు పందులు,
నిలువునా కోసిన డ్రమ్ముల కుడితి.
హోటళ్ల మిగులు, మిల్లు తవుడు, ఉప్పు రాయి.
"మన తాతలు పందుల్ని కాసిననాడు
మీ కాలేజీ యాడున్నదిరా" అంటది.
అయినా కాళ్లు వంకర పోయిన పిల్ల ఒకటుంటే
దాని నడుముకు గోనెసంచి కట్టి
రోజూ నాలుగడుగులు నడిపిస్తది.

పరీక్ష అయిపోయినంక
మిగిలిన పాకెట్టు మేడమే ఇచ్చింది.
తీసుకపోయి ఇచ్చిన.
అమ్మ తెర్లుతున్న కుడితిల గుమ్మరించింది.

అయ్యో, వేడికి సచ్చిపోతదే అమ్మా!
"పాణమున్నదా దానికి?"
లేదు.
"మరి ఎట్ల సస్తది?"

నాకు జవాబు రాలే.
మరునాడు అడిగితే మేడానికి కూడ జల్ది రాలే.
పెన్ను మూత నోట్ల పెట్టుకొని శానాసేపు ఆలోచించి
"ముడి విప్పే వేళ్లు ముడుచుకుపోతాయి" అన్నది.
ఇంకో పాకెట్టు చేతిల పెట్టింది.

నీలం బకెట్ల భాస్వరం
మూడో వంతు తగ్గిందట.
మేడం కళ్లు మెరిసినయ్.
నేనూ మురిసిన,
తూచినోన్ని నేనే గదా.

ఇంటికి పోయి చెప్పిన.
అమ్మ వినుకుంట వినుకుంట
నాలా అవతలికి చూసింది.
కొత్త టవర్లు, ఇరవై అంతస్తులు,
కిందికెల్లి మనిషంత పైపు,
దాన్నుంచి దిగేది దిగుతనే ఉన్నది.
"మన పదకొండింటి లెక్క తేల్చిండ్రు, మంచిదే.
గా పైపు కింద బకెట్ వట్టినోడు ఎవడన్న ఉన్నడారా?"

నాకు తెల్వదు.
నేను రెండు బకెట్లకే నౌకరు.

పొద్దు గుంకింది. మంట ఆర్పేసి
డ్రమ్ము పక్కన గొంతుకూసున్నది.
కొంచెం సేపటికి మోచెయ్యి ముంచి చూసింది,
చంటిపిల్ల నీళ్లు చూసినట్టు.
"ఆగు."
వంకర కాళ్ల పిల్ల
గోనెసంచి లేకుండనే ఒకపారి లేసి,
పడి,
మల్ల మూతి ఎత్తింది.
మల్లొకసారి మోచెయ్యి.
"ఆఁ, ఇప్పుడెయ్యి."