వెనక తలుపు

ఆదోనిలో ఏప్రిల్ రాత్రి
గాలికి కూడా నూగు మొలుస్తుంది.
మిల్లు గేటు దగ్గర స్టూలు, స్టూలు మీద నేను,
ఒళ్లో కర్నూలు నుంచి తెచ్చుకున్న జిరాక్సు పుస్తకం:
భద్రత, అగ్నిరక్షణ నిర్వహణ, పీజీ డిప్లొమా, రెండో సెమిస్టరు.
గంటకోసారి లేచి టార్చి వేసి
ఫైర్ సిలిండర్ల ముల్లు పచ్చలో ఉందా, ఎర్రలోకి జారిందా చూసొస్తాను.
బకెట్లలో ఇసక తక్కువ, వక్కాకు ఉమ్ము ఎక్కువ.

ఆదివారం తెల్లారుజామున బస్సు.
ఎమ్మిగనూరు దాటేదాకా నిద్ర, కోడుమూరు దాటినాక చదువు.
మా కాలేజీ మూడో అంతస్తు.
ఎక్కడానికీ దిగడానికీ ఒకటే మెట్ల దారి,
అందులో సగం కింద చెప్పుల కొట్టోళ్ల అట్టపెట్టెలు.
"మొదటి పాఠం ఇదేనప్పా," అన్నాడు కంబగిరి సారు,
"ఇప్పుడు కింద అంటుకుంటే మనమెట్ల దిగాల?"
ఎవరూ నవ్వలేదు. తర్వాత అందరం నవ్వినాం.
ముప్పై ఏళ్లు ఫైరింజను ఎక్కిన మనిషి,
ఎడమచేతి చర్మం పాల మీద మీగడలా ముడతలు.
సుద్దముక్కతో త్రిభుజం గీసేవాడు,
కాలేది, కాల్చేది, ఊపిరి పోసేది.
"ఒక్క గీత చెరిపేయండి, చాలు."

నిప్పు నాకు కొత్త కాదు.
పత్తిలో దాక్కొచ్చిన గులకరాయి
రోలరుకు తగిలి చిటుక్కుమన్నప్పుడల్లా
తిక్కమ్మ చెయ్యి ఆగుతుంది,
ఖాసింబీ ముక్కు ఎగబీలుస్తుంది.
వాళ్లు ఏ సెమిస్టరూ రాయలేదు.
బేలు లోపల నిప్పు మూడు రోజులు
ఉలుకూ పలుకూ లేకుండా ఉండగలదని
పుస్తకం కంటే ముందు ఖాసింబీయే చెప్పింది,
"అలిగిన అత్త మాదిరి" అని.

నాకు కొత్తగా తగిలింది తాళం.
ఎనిమిదేళ్లుగా నా ఉద్యోగం అదే.
షిఫ్టు ఎక్కగానే వెనక తలుపు బిగించాల,
ఆడోళ్లు ఒడిలో పిడికెడు దూది దాచుకుపోకుండా.
తెరిస్తే సరుకు పోతుందంటాడు సేటు.
మూస్తే మనుషులు పోతారంటాడు సారు.
ఒకే పుస్తకం అరవయ్యో పేజీలో బిగించమంటుంది,
నూటపన్నెండులో తియ్యమంటుంది.
మధ్యలో యాభై పేజీలు నేను కునుకు తియ్యలేదు.

పరీక్షలో అదే వచ్చింది, పది మార్కులకు.
జేబులో తాళంచెవి తడుముకుంటూ చానాసేపు కూర్చున్నా.
చివరికి రాసినా:
"లోపలి నుంచి అలిసిన ఆడమనిషి భుజం ఆనిస్తే తెరుచుకోవాలి.
బయటి నుంచి పహిల్వాను గుద్దినా తెరుచుకోకూడదు.
అట్లాంటి కడ్డీ దొరుకుతుంది. తొమ్మిది వేలు."
ఆరు మార్కులేశారు. ధర అడగలేదంట.

ధర అడిగింది సేటు ఒక్కడే.
"చదివినోడివి జీతం పెంచమంటావనుకుంటి,
ఖర్చు పెంచుతాండావే," అని ఫ్యాను కిందికి జరిగినాడు.

మా బ్యాచిలో సుంకన్న దోహాకు పోయినాడు.
బషీరున్నీసా యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు,
పచ్చ హెల్మెట్టుతో ఫోటో పెట్టింది,
వెనకాల దుమ్ములో కూడా నవ్వు కనపడుతాంది.
నేనూ పంపినా కాగితాలు, మూడు చోట్లకు.
ఒక చోట అనుభవమేమిటని అడిగినారు.
తాళం వేసిన అనుభవమని ఎట్ల చెప్పేది?

ఈ రాత్రి సీజను చివరి లోడు.
లోపల పంతొమ్మిది మంది, పైకప్పు దాకా పత్తి.
ముందు గేటుకు కుక్క చాలు.
స్టూలు చంకన పెట్టుకొని వెనక్కు నడిచినా.
తాళం తీసినప్పుడు చప్పుడు
నేననుకున్నంత పెద్దగా రాలేదు.

తెరిచిన తలుపులోంచి తిక్కమ్మ తొంగి చూసి
ఒడి విప్పి దులిపి చూపించింది, అడగకుండానే.
సిగ్గు నాకు వచ్చింది.

రిజిస్టరులో రాసినా:
పదకొండు నలభై. వెనక తలుపు తీసి ఉంది.
తాళం ఉండే చోట నేనున్నాను.