చప్పుడు లేని రొట్టె

ఆదివారం పొద్దున్నే, అయనావరంలో,
ట్యాంకరు నీళ్లు పట్టుకోవడం అయ్యాక
మూడు గ్లాసుల మైదా జల్లించాను.
గోధుమపిండి ఒక గ్లాసు. అది నా సొంత తెలివి.
చిటికెడు పంచదార, గోరువెచ్చని నీళ్లు,
ఆవాల కన్నా సన్నటి ఈస్టు,
రాత్రి తోడేసిన పెరుగు, ఇంకా పులుపెక్కనిది.

గంటన్నర ఆగాలని చెప్పింది నెస్రిన్,
చెవి పరీక్ష కాగితం వెనక బొమ్మలేసి:
గిన్నె, గిన్నె మీద గుడ్డ, గుడ్డ పక్కన గడియారం.
ఆ గడియారం వాళ్ల ఊరిది.
అక్కడ చలికాలం పిండిని వెచ్చటి మూల చూసి కూర్చోబెట్టి
బతిమాలుకోవాలట.
ఇక్కడ మే నెల.
నలభై నిమిషాలకే మూత ఎత్తి
వంటగట్టు మీదికి తొంగిచూసింది పిండి,
ఒకటో తారీఖు ఇంటి ఓనరమ్మలా.

పిన్ని ముక్కు మీద వేలేసుకుంది.
"ఇదేం దిబ్బరొట్టే, మినప్పప్పు లేకుండా?"
"దిబ్బరొట్టె కాదు పిన్నీ, టర్కీ వాళ్లది. బజ్లామా."
"బజ్జీలా?"
ఆవిడ కుడి చెవి కాస్త మందం.
ఊరందరి చెవులూ చూసే నాకు
ఆ ఒక్క చెవీ చూపించదు.

నా పని అదే.
కీల్పాక్‌లో, గోడలకి స్పాంజి అంటించిన గదిలో
గాజు కిటికీకి ఇవతల కూర్చుని
సన్నటి కూతలు పంపుతుంటాను.
వినిపిస్తే బొత్తాం నొక్కండి.
వినిపించిందా? కేక్కుదా? సునాయీ దియా?
రోజుకి ముప్పైసార్లు.

నెస్రిన్ కొడుకు ఎమ్రే. ఐదేళ్లు.
ఒరగడం ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి
తండ్రి పదినెలల పని మీద వచ్చాడు.
వాడి చెవికి నీలం రంగు మిషన్ పెట్టిన రోజు
మా అటెండరు ఏళుమలై ముద్దుచేసి
ఒక మురుకు చేతిలో పెట్టాడు.
కొరికాడు.
నోట్లోనే ఇల్లు కూలినట్టు బెదిరిపోయి
మిషన్ పీకి నేలకేసి కొట్టాడు.

నేను చదివిన పుస్తకాల్లో మురుకు లేదు.
కానీ కొత్తగా విన్నవాడికి
తన నమలడమే ఉరుమనిపిస్తుందని
ఆ తల్లికి ముందే చెప్పాల్సింది నేనే.
చెప్పలేదు.
మధ్యలో భాష లేదు కదా అనుకున్నాను.
నిజానికి ఆ రోజు బయట
పదకొండు మంది వెయిటింగ్‌లో ఉన్నారు.

మళ్లీ వారం వచ్చింది నెస్రిన్.
గళ్ల తువ్వాల్లో నాలుగు రొట్టెలు,
వేలెడు మందం, ఇంకా వెచ్చగా.
పిల్లాడు చెవిలో మిషన్‌తోనే కూర్చుని
తుంచాడు. చప్పుడు లేదు.
నమిలాడు. చప్పుడు లేదు.
నాకూ ఒక ముక్క అందించాడు, కాస్త ఎంగిలిది.
వెనక నుంచి వాళ్లమ్మ పేరు పెట్టి పిలిస్తే
బుగ్గ నిండా రొట్టెతో
తల తిప్పాడు.

ఓవెన్ అక్కర్లేదు, అట్లపెనం చాలు.
ఏళ్లుగా దోసెలకి అలవాటైన ఇనుము
మొదటి రొట్టె మీద పగబట్టింది:
పైన బొగ్గు, లోపల పచ్చి.
పిట్టగోడ మీద పెడితే కాకి వచ్చి
ఒకసారి చూసి వెళ్లిపోయింది.
పిండి కొద్దీ రొట్టె అంటారు,
మంట సంగతి ఎవరూ చెప్పలేదు.

రెండోదానికి సెగ తగ్గించి మూత పెట్టాను.
తీసి చూస్తే నడిమధ్య ఒక బుడగ
నిద్రలో పిల్లాడి పొట్టలా
మెల్లగా లేస్తోంది.
దోసెలా సుయ్యిమనలేదు,
పూరీలా కసురుకోలేదు.
తిప్పి, దించి, వెన్న రాసి
పిన్ని కంచంలో వేశాను.

విరిగి నేతిలో పడ్డ రొట్టె సంగతి సరే,
ఇది ఆవకాయలో పడింది.
పళ్ల సెట్టు తీసి పక్కన పెట్టి మరీ తింటోంది.
కుడివైపు నిలబడి, మెల్లగా, పరీక్షగా అడిగాను:
"ఇంకోటి వెయ్యనా?"
ఊటలో ముంచుతూనే ఉంది.
ఇక్కడ గాజు కిటికీ లేదు, నొక్కడానికి బొత్తామూ లేదు.
ఎడమవైపుకి వెళ్లి అడిగాను.

"అడుగుతావేంటే, వెయ్యి."