గోడ వెనక సముద్రం

చీమకుర్తి బస్టాండు ఎదురుగా నా రిపేరు కొట్టు.
నాలుగ్గంటలకు క్వారీలో మందు పేలితే
షోకేసు అద్దం ఒకసారి ఒళ్ళు విరుచుకుంటది.
ఆ అదురు ఇంకా ఆగకముందే వచ్చింది సలోమి,
సీపీయూను దుప్పట్లో చుట్టి,
జొరమొచ్చిన పిల్లను ఎత్తుకొచ్చినట్టు.

"గుర్రం జూలు ఆకాశం దాకా సాగతందన్నా.
ముసలి రాజు మొహం జారి భుజమ్మీద పడతంది.
ఇంకాసేపు ఆడితే తెర నిండా బంగారు చుక్కలు.
మా నాయన కోసే రాయే లోపలికొచ్చిందనుకున్నా."

సగం రోగం ఆ మాటలోనే చెప్పేసింది.
నేను వినలేదు. నాకో పద్ధతుంది.

ముందు తీగ. పీకి వేరేది పెట్టా.
జూలు సాగింది.
తర్వాత తెర మీది బొమ్మను ఉన్నదున్నట్టు పట్టి
నా ఫోనులోకి పంపుకున్నా.
ఫోనులోనూ రాజు మొహం జారే ఉంది.
అంటే తప్పు చూపించే అద్దానిది కాదు,
గీసే చేతిది.
ఇట్టాంటి పరీక్ష మనుషులకుంటే
మా అన్నదమ్ముల తగాదా ఎప్పుడో తెగేది.

పాత డ్రైవరు తీసేసి కొత్తది ఎక్కించా.
మెమరీ వేగం ఒక మెట్టు దించా.
పది నిమిషాలు బుద్ధిగా నడిచింది గుర్రం.
పదకొండో నిమిషాన కోట గోడ మాయమైంది.

"అదిగో" అని సలోమి కుర్చీలోంచి లేచింది.
గోడ ఉండాల్సిన చోట సముద్రం.
అల లేదు, ఒడ్డు లేదు,
ఎవరో గీసి, ముందు గోడ కట్టి, మరిచిపోయిన నీలం.
"ఈ ఆటలో సముద్రమే లేదంటన్నా.
మా క్లాసులో ఎవురూ చూళ్ళేదు."
కొత్తపట్నం పోతే నిజం సముద్రమే ఉంది గదమ్మా అన్నా.
"అది అందరికీ కనపడేదే గదా."

మూత విప్పా.
ఫ్యాను రెక్కల మధ్య రాతిపొడి,
పిండి తడిసి ఆరినట్టు, గట్టిగా.
నల్లరాయి పొడి తెల్లగా ఎందుకుంటదో
ఈ ఊళ్ళో పుట్టి నలభై ఏళ్ళు,
ఇంకా ఎవర్నీ అడగలేదు.

షిఫ్టు దిగి మోపెడ్ మీద వచ్చాడు వాళ్ళ నాయన ఏసోబు.
గడప దాటలేదు.
"బట్టల నిండా పొడబ్బయ్యా, కంప్యూటర్లుండే చోటు" అని
తువ్వాలుతో కాళ్ళు దులుపుకుంటా మెట్టు మీదే నిలబడ్డాడు.

బ్లోయరు పెట్టగానే కొట్టంతా మబ్బు.
ఆయన మబ్బును చూశాడు, బ్లోయరును చూశాడు.
"ఇది మనుషులక్కూడా పనికొస్తదా?"
నవ్వాడు. మధ్యలో దగ్గు అడ్డమొచ్చి
నవ్వు ఎక్కడ ఆగిందో తెలవలేదు.
నేను కార్డు బంగారు పళ్ళను
పెన్సిల్ రబ్బరుతో తోముతా తలెత్తలేదు.

చిప్పు మీద ఎండిన పేస్టు గీకి
కొత్తది బఠాణీ గింజంత పెట్టి మరలు బిగించా.
ఎనిమిదిన్నర దాకా పరిగెత్తించాం గుర్రాన్ని.
జూలు జూలంతే ఉంది.
రాజు మొహం రాజుకే ఉంది.
గోడ అడ్డంగా ఉంది.

సలోమి గుర్రాన్ని గోడ వెంట నడిపింది,
ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్ళా ఆ చివరకు.
ఒకచోట ఆపి మూతితో గోడను పొడిపించింది.
"ఇక్కడుండేదన్నా."

నాలుగొందలు అడిగితే మూడు యాభై ఇచ్చింది.
నెలకోసారి మూత తీసి ఊదు, కిటికీ పక్కన పెట్టొద్దన్నా.
"మా ఇంట్లో అన్నీ కిటికీ పక్కనేనన్నా."
బండెక్కి, దుప్పటి మూట ఒళ్ళో సర్దుకున్నాక అడిగింది:
"ఊదకుండా వదిలేస్తే సముద్రం మళ్ళా వస్తదా?"
"వస్తది. కార్డు కాలిపోయే ముందు."
ఆ పిల్ల కాసేపు ఏదో లెక్కేసుకుంది.
మూడో తొక్కుకు అందుకుంది మోపెడ్.

వాళ్ళు పోయాక కొట్టు ఊడ్చా. చేటెడు పొడి.
బయట పోస్తే గాలికి మళ్ళా లోపలికే వస్తది.
కవరులో మూట గట్టి,
ఎక్కడ పారెయ్యాలో తోచక
బల్ల కింద పెట్టా.