రాతి తలుపు, పెరంబూరు

శనివారం ఆరున్నర.
జమాలియా వెనక సందు, మూడో అంతస్తు.
గుమ్మం ముందు చెప్పుల జతలు లెక్కపెట్టాను: ఐదు.
రెండు కొత్తవి.
ఐసీఎఫ్‌లో ముప్పై ఏళ్లు వెల్డింగ్ చేసిన
కోదండపాణి గారి తోలుచెప్పులొకటి.
ఇంకోటి ఆయన అక్క మనవరాలు యామిని కాన్వాస్ బూట్లు,
లేసు విప్పకుండా మడమతో తొక్కి విడిచినవి,
ఏ నిమిషమైనా వెళ్ళిపోడానికి.

ఆరేళ్ల ఆట మాది.
సునందకి పూణె బదిలీ అయ్యాక
ఆమె విలుకత్తె నది దాటి
"ఇప్పుడే వస్తా" అని అడవిలోకి పోయింది.
చంపడానికి నాకు చేతులు రాలేదు.
ఆమె దిండుని తాజుద్దీన్ గోడకి జరుపుతాడు,
హేమ మళ్లీ బల్ల దగ్గరికి లాగుతుంది.
ఎవరూ కూర్చోరు.

కథ నడిపేది నేను.
రాజునీ దొంగనీ వాననీ,
అవసరమైతే గాడిదనీ నేనే.
కొత్తవాళ్లని ఎటునుంచి తేవాలా అని వారమంతా వెతికాను.
సత్రంలో కలిపితే? అందరూ చేసేదే.
చెరసాలలో? మొదటిరోజే సంకెళ్లా?
బ్యాంకులో డిపాజిట్ ఫారాల మీద ముద్రలేస్తూ
ఇద్దరు మనుషుల్ని కథలోకి దించే తాడు
పేనుతూనే ఉన్నాను.

పాచికలు బయటికి రాకముందే మొదలెట్టారు పాతవాళ్లు.
"మేము మేకకి సుంకం కట్టాం, గుర్తుందా?"
"అదే వంతెనని మేము మూడుసార్లు కూల్చాం!"
పగలబడి నవ్వులు.
కోదండపాణి గారూ నవ్వారు, ఒక్క క్షణం ఆలస్యంగా,
ఎవరి పెళ్లి ఫోటోలోనో నిలబడ్డట్టు.
యామిని ఇరవై ముఖాల పాచికని
అరచేతిలో తిప్పుతూ ఒక్కో అంకే చదువుకుంటోంది.
మేము. మేము. మేము.
ఆ మాటకో తలుపుందని
నాకప్పటిదాకా తట్టలేదు.

ఆటలో ఉన్నదీ తలుపే. రాతిది.
మూడు వారాలుగా కదల్లేదు.
జోసెఫ్ గొడ్డలి విరిగింది, హేమ మంత్రాలు అయిపోయాయి,
నలభై వరహాలు పోసి తాజుద్దీన్ కొన్న మందుగుండు
నా వానలోనే తడిసిపోయింది.
తాళంచెవి చచ్చిన గుర్రం కడుపులో ఉందని
నా నోట్‌బుక్‌కి తప్ప ఎవరికీ తెలీదు.

కోదండపాణి గారు కళ్లద్దాలు సర్దుకుని
కాగితాన్ని చేయంత దూరాన పట్టుకున్నారు.
ఇంట్లో తెలుగే, బడిలో అంతా అరవం;
ఆయన బలాలూ బలహీనతలూ
యామిని అరవంలోనే రాసిపెట్టింది.
"ఏమీ అనుకోబాకండి," అన్నారు.
"ఆ తలుపుని ఎవురైనా తట్టి చూసినారా?"

కింద బజ్జీల బండి మీద నూనె చిటపటలు
మూడో అంతస్తు దాకా వినిపించాయి.
"అట్లా ఎట్లా..." అని జోసెఫ్ సగంలో ఆగాడు.

నోట్‌బుక్ మూసేశాను.
తాళంచెవి గుర్రంలోనే ఉండనీ.
"వేయండి," అన్నాను.
నిప్పురవ్వల మచ్చలున్న వేళ్లలోంచి పాచిక దొర్లి,
టీ గ్లాసుకి కొట్టుకుని, సునంద దిండు కిందికి పోయింది.
ఆయన అక్కడికి జరిగి, దిండెత్తి చూశారు.
పదకొండు.
గొప్పదేం కాదు. తట్టడానికి చాలు.

బల్ల మీద మూడుసార్లు తట్టారు.
నేను యామిని వైపు తిరిగాను.
"లోపలున్నది నువ్వు."

తిప్పుతున్న పాచిక ఆగింది.
ఆ సాయంత్రానికి ఆమె మొదటి మాట:
"ఎవరు?"
"మేమే," అంది హేమ, ఇంటి దగ్గర అలవాటుకొద్దీ.
"మేమే అంటే?"
హేమ దగ్గర జవాబు లేదు.
"ఎంతమంది? కత్తులున్నాయా? అన్నం తిన్నారా?"

ఇక చెప్పుకోవాల్సి వచ్చింది.
వంతెన మొదట్నుంచి. నది. విలుకత్తె.
"మేక పేరేంటి?" అందామె.
ఆరేళ్లలో ఎవరూ పెట్టలేదు.
పావుగంట కొట్టుకుని జోసెఫ్ వాళ్ల హెడ్‌మాస్టర్ పేరు పెట్టారు.

తొమ్మిదిన్నర. టీ గ్లాసులు తీస్తుంటే చూశాను,
కోదండపాణి గారు ఆ దిండు మీంచే లేచారు.
ఎవరూ ఏమీ అనలేదు.
యామిని మెట్ల మీద కూర్చుని
లేసులు రెండూ విప్పి, మళ్లీ కట్టుకుంటూ,
"వచ్చే శనివారం మనం ఆరింటికే మొదలెడదామా?" అంది.

తలుపు మాత్రం ఇంకా తీయలేదు.